పిట్ట ముట్టేదాకా

మీరు కొన్న స్థలం ఖాళీగా ఉందని మీకు ఎవరు చెప్పారు? చెప్పినవారి మాట నమ్మారా, చూపించిన ఫోటోను నమ్మారా, లేక స్వయంగా వెళ్ళి చూశారా? స్వయంగా చూసినవారైతే ఇంకొక్క మాట చెప్పండి: ఏ పూట చూశారు, ఎంతసేపు చూశారు?

వాదించడం నాకు కాలేజీలో అబ్బిన విద్య. మా చర్చావేదికలో అన్నిటికంటే ముందు నేర్పింది తీర్మానంలోని మాటలకు అర్థం చెప్పడం. ముందుగా మాట్లాడే పక్షానికి ఆ హక్కు ఉంటుంది. 'అభివృద్ధి' అంటే ఇదీ, 'ప్రజలు' అంటే వీరూ అని మొదటి వక్త గిరి గీస్తే, ఎదుటి పక్షం ఆ గిరి లోపలే కుస్తీ పట్టాలి. దాటి మాట్లాడినవారికి మార్కులు తగ్గిస్తారు. ఆ నియమం వేదిక మీది ఆట వరకే అనుకున్నాను. శంషాబాద్ చుట్టుపక్కల 'ఖాళీ' అన్న మాటకు మొదటి వక్త ఎప్పుడో అర్థం చెప్పేశాడని, ఆ తరువాతి వాదనలన్నీ, నావి కూడా, ఆ గిరిలోనే పడి కొట్టుకున్నాయని ఆలస్యంగా తెలిసింది.

కొత్త విమానాశ్రయం తెరిచిన 2008లోనే నేను చదువు కోసం ఇంగ్లండు వెళ్ళాను. చదువు అయ్యాక ఉత్తరాదిన ఒక మబ్బు పట్టిన పట్టణంలో, ఇళ్ళు కిరాయికి ఇప్పించే ఆఫీసులో ఉద్యోగం దొరికింది. నా పని ఖాళీ గదులను ఫోటో తీయడం. మంచం వేస్తే తలుపు తెరుచుకోని గదిలో, మూలకు నడుము ఆనించి వెడల్పాటి లెన్స్‌తో తీస్తే ఆ గది పెళ్ళి చూపులకు పనికొచ్చే హాలులా కనిపించేది. గోడ మీది చెమ్మ మరక కనిపించకుండా దీపం ఎక్కడ పెట్టాలో నేర్పారు. అంతకుముందు అక్కడ బతికినవాళ్ళు వదిలిపోయిన ఒంటి చెప్పు, కిటికీకి అంటించిన పిల్లల బొమ్మ, గూట్లో మిగిలిన ఉప్పు డబ్బా, ఇవన్నీ ఫోటోకు ముందే ఏరి పారేయాలి. "ఇక్కడ ఎన్నడూ ఎవరూ లేనట్టు ఉండాలి" అని మా మేనేజరు రోజూ గుర్తు చేసేది. ఖాళీ అనేది దానంతట అది ఉండదని, దాన్ని ఎవరో కూర్చుని తయారు చేయాలని నాకు జీతమిచ్చి నేర్పింది ఆవిడే.

2012లో వీసా నిబంధనలు మారాయి. నన్ను ఉంచుకునే కారణం ఆ దేశానికి కనిపించలేదు. తిరిగివచ్చాను. అమ్మానాన్న అప్పటికే ఊరు వదిలి మైలార్‌దేవ్‌పల్లిలో ఉంటున్నారు. నాన్న కాటేదాన్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆ ఇంటి అటక మీద నా ఖరీదైన కెమెరాను, దాని వెడల్పాటి లెన్స్‌ను సంచీతో సహా పడేశాను. ఇక అబద్ధమాడలేని కెమెరా ఒకటి కావాలనుకున్నాను.

దానికి కావలసింది ఒక పాలపొడి డబ్బా. లోపల నల్ల రంగు పూసి, పక్కన సూదితో సన్నని బెజ్జం చేసి, దాని మీద నల్ల పట్టీ అంటించాలి. వెలుతురు తగిలితే మారే కాగితం ఒకటి చీకట్లో డబ్బా లోపల అమర్చాలి. పట్టీ తీస్తే బెజ్జంలోంచి లోకం లోపలికి జారి, తలకిందులుగా ఆ కాగితం మీద మెల్లగా దిగుతుంది. అద్దం లేదు, మీట లేదు, గదిని హాలు చేసే తెలివి లేదు. అబద్ధం చెప్పాలన్నా దానికి నోరు చాలదు. నేను అలా నమ్మాను. మంచి వక్త చేసే పొరపాటు ఇదే: ఎదుటివాడి ప్రతి మాటనూ పరీక్షిస్తాడు, తనకు నచ్చిన ప్రతిపాదనను మాత్రం వదిలేస్తాడు.

ఆ డబ్బాతో మొదట వెళ్ళింది మా పెద్దమ్మ ఊరికి. తొండుపల్లి నుంచి లోపలికి పోయే దారిలో, రన్‌వే మీద దిగే విమానాల పొట్టలు కనిపించే చోట ఉంటుంది. మా అమ్మ ఫ్యాక్టరీలో పనికి పోయే రోజుల్లో నేను పెరిగింది ఆ ఇంట్లోనే. నేను ఇంగ్లండులో ఉండగా మా పెద్దబాపు, అంటే పెద్దమ్మ భర్త, చనిపోయాడు. రాలేకపోయాను. అందుకని వచ్చీ రాగానే ఆయనను పెట్టిన చోటు చూపించమని అడిగాను.

పెద్దమ్మ కొడవలి నడుముకు చెక్కుకుని, మేకలను తోలుకుంటూ ముందు నడిచింది. మా దగ్గర రైతు కుటుంబాలు చనిపోయినవారిని పూడ్చే నేలను బొందలగడ్డ అంటారు. సమాధులు కట్టే ఆచారం లేదు. మట్టి దిబ్బ, తల దిక్కున ఒక రాయి, అంతే. నాలుగు వానలు పడితే దిబ్బ నేలలో కలిసిపోతుంది, రాయి మిగులుతుంది. తెలియనివారికి అది తుమ్మచెట్లు, గడ్డి, చెదురుమదురు రాళ్ళు.

ఒక రాయి దగ్గర ఆగి పెద్దమ్మ కొడవలి మొనతో చూపించింది.

"గిది మీ పెద్దబాపుది. గీ పక్క జాగ నాది."

"నీదేంది పెద్దమ్మా?"

"నాదే. ఇంట్ల ఆయనకు ఎడమ దిక్కు పండేదాన్ని. ఈడ గూడ ఎడమ దిక్కే. మీ అన్నకు జెప్పి పెట్టిన. వాడు మర్చిపోతడు, నువ్వు యాదికుంచుకో."

అన్న అంటే ఆమె కొడుకు. విమానాశ్రయం దగ్గర ట్యాక్సీ నడుపుతాడు. ఆ సాయంత్రం నా డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, వాసన కూడా చూశాడు.

"గన్నేండ్లు లండన్‌ల ఉండి పాలడబ్బతోని వచ్చిందమ్మా మా చెల్లె," అన్నాడు తల్లితో. "గిది మన శంషాబాద్ కిరాణంల దొర్కదా?"

"నువ్వు నోరు ముయ్యి," అంది పెద్దమ్మ. "అది సదువుకున్న డబ్బ."

మరునాడు పొద్దున్నే బొందలగడ్డ అంచున ఒక రాయి మీద డబ్బా పెట్టి పట్టీ తీశాను. ఎండలో రెండు బీడీలు కాలేంత సేపు తెరిచి ఉంచాలి. నా ఎదుట పెద్దమ్మ గడ్డి కోస్తూ అటు నుంచి ఇటు వచ్చింది. మేకలు మేశాయి. ఇద్దరు ఆడవాళ్ళు తలల మీద మోపులతో అడ్డంగా నడిచిపోయారు. ఒకాయన తన తండ్రి రాయి దగ్గర ఆగి దణ్ణం పెట్టుకుని వెళ్ళాడు. పైన ఒక విమానం చక్రాలు దించుకుని మా నెత్తిమీదుగా దిగింది. మైలార్‌దేవ్‌పల్లి ఇంటి స్నానాలగదిలో ఎర్ర బల్బు కింద ఆ కాగితాన్ని మందునీళ్ళలో ముంచి చూస్తే, రాళ్ళున్నాయి, తుమ్మచెట్లున్నాయి, గడ్డి వెన్నెల్లా మెరుస్తోంది. మనిషి లేడు. మేక లేదు.

కారణం నాకు తెలుసు. ఈ డబ్బాలో నిలిచి ఉన్నదే నిలుస్తుంది. కదిలేదాన్ని కాగితం పట్టుకోలేదు, ఆనవాలు కూడా మిగలదు. అయినా ఆ ఫోటో పెద్దమ్మకు చూపించాను. ఆమె దాన్ని కళ్ళకు దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.

"నేనేడున్న?"

"కదిలితే పడరు పెద్దమ్మా. నువ్వు గడ్డి కోస్తూ కదిలినవ్ కదా."

"కదలకుంటె గడ్డెట్ల కోస్తరే?" ఫోటోలో ఆకాశం మీద వేలు పెట్టి మళ్ళీ అడిగింది. "మరి ఇమానం?"

"అది కూడా పడలేదు."

"గంత పెద్దదే పడకపాయె, నేనెట్ల పడ్త తీయ్," అని నవ్వి ఫోటో తిరిగిచ్చింది.

ఆ నవ్వు విన్నాను గానీ, ఆ ప్రశ్న వినలేదు. కదలకుంటే గడ్డి ఎట్లా కోస్తారు? నా నిజాయితీ గల కెమెరాలో పడాలంటే మనిషికి తీరిక ఉండాలి. కుర్చీలో కూర్చున్నవాడు పడతాడు, మోపు మోసేది పడదు. గోడ పడుతుంది, గోడ కట్టిన కూలి పడడు. అంతకన్నా పాతదైన ఏ పక్షపాతం ఉంది ఈ దేశంలో?

ఆ ఏడాదంతా ఆ చుట్టుపక్కలే తిరిగాను. హిమాయత్ సాగర్ కట్ట, రింగురోడ్డు కింది సొరంగాలు, విమానాశ్రయం కంచె పక్క చేలు, అన్నిటినీ డబ్బాలో దించాను. నగరంలో ఒక చిన్న గదిలో ఆ ఫోటోలను ప్రదర్శనకు పెట్టారు. వచ్చినవారు ఎంత నిశ్శబ్దం, ఎంత శాంతి అన్నారు. శాంతి కాదు, మా పెద్దమ్మ అక్కడే ఉంది అని చెప్పాను. కవిత్వం చెబుతున్నాననుకుని తలలూపారు. ఒక పత్రిక ఆదివారం పేజీలో బొందలగడ్డ ఫోటో వేసింది. కింద నేను రాయని శీర్షిక ఒకటి పెట్టింది: 'మనిషి అడుగు పడని నేల'.

పత్రికకు ఫోన్ చేశాను. ఆ నేల నిండా మనుషులే ఉన్నారని, అడుగు పడటమే కాదు, ఆరడుగుల లోతున పడుకుని ఉన్నారని చెప్పాను. అవతలి వ్యక్తి మర్యాదగా విన్నారు. "శీర్షిక భావాత్మకం కదండీ," అన్నారు. సవరణ వేయడానికి భావంలో తప్పేముందని కూడా అడిగారు.

కొద్ది నెలలకే ఆ నేలలో ఎర్ర, తెల్ల రంగులు పూసిన హద్దురాళ్ళు మొలిచాయి. బొందలగడ్డ ఉన్న భూమి ఒకప్పుడు ఒక పెద్ద ఇంటివారిది. ఊరివాళ్ళు అక్కడ పూడ్చుకోవచ్చని ఆ ఇంటి ముసలాయన ఎప్పుడో నోటిమాటగా అన్నాడు. నోటిమాట మీదనే తరాలు గడిచాయి. నగరంలో ఉండే ఆయన మనవలు ఇప్పుడు దాన్ని, ప్లాట్లు వేసి అమ్మే ఒక వెంచర్ వాళ్ళకు అమ్మారు. దారి మీద కమాను లేచింది, జెండాలు లేచాయి. విమానం దిగి నేరుగా ప్లాట్లు చూడటానికి వచ్చే మనుషులు మొదలయ్యారు. వాళ్ళను తీసుకొచ్చే ట్యాక్సీల్లో మా అన్నది కూడా ఒకటి.

"నువ్వు గూడ తోలుకొస్తున్నవా అన్నా?" అని అడిగాను.

"సవారి ఏడికంటె గాడికి పోవాలె చెల్లె. కార్ల ఏసీల కూసొని, అన్నా, గిదంత ఖాళీనేనా అని అడుగుతరు. నేనేం జెప్పాలె? సార్, జర మెల్లగ పోనిస్తున్న, కింద మా బాపు పండిండు అని చెప్పాల్నా?"

అతను నవ్వడానికి ప్రయత్నించాడు. పెద్దమ్మ నవ్వలేదు. "ఆయన జాగ సరే," అంది. "నా జాగల రాయి పాతిండ్రు. నన్నేడ పెడ్తవ్‌రా నువ్వు?"

అన్న లేచి బయటికి వెళ్ళి, కడిగిన కారునే మళ్ళీ కడిగాడు.

ఊరివాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. ఆ నేల వాడుకలో ఉన్న శ్మశానమా, కాదా తేల్చడానికి ఒక అధికారి విచారణ జరిపారు. ఊరి తరఫున మాట్లాడమని నన్ను పంపారు. వాదన నేర్చిన పిల్ల కదా. వెంచర్ తరఫు న్యాయవాది లేచి ఎక్కువ మాట్లాడలేదు. పత్రిక ముక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. నా ఫోటో, కింద ఆ శీర్షిక.

"ఊరి తరఫున వచ్చిన ఈ అమ్మాయి తీసిందే సార్. పట్టపగలు తీసింది. ఒక్క మనిషైనా ఉన్నాడేమో మీరే చూడండి."

నేను లేచాను. ఈ డబ్బా ఎలా పనిచేస్తుందో వివరించాను. తరువాత, కాలేజీ రోజుల్లో చప్పట్లు కొట్టించే చోట ఆగినట్టే ఒక క్షణం ఆగి, అడిగాను: "ఈ ఫోటో తీస్తున్నప్పుడు నెత్తిమీదుగా ఒక విమానం దిగింది సార్. అది కూడా ఇందులో లేదు. ఫోటోలో లేనిది నేల మీద లేదనుకుంటే, పక్కన విమానాశ్రయం కూడా లేనట్టేనా?"

గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. అధికారి కూడా నవ్వారు. న్యాయవాది చేతులు కట్టుకుని నవ్వాడు.

"బాగా మాట్లాడతారమ్మా," అన్నారు అధికారి. "కానీ వాడుకలో ఉందనడానికి ఆధారం కావాలి కదా."

అన్న తన ఫోన్లో తీసిన ఫోటోలు చూపించాడు. ఫోన్ ఫోటోలను ఎవరైనా ఎట్లాగైనా దిద్దవచ్చని న్యాయవాది అన్నాడు. ఊరి ముసలివాళ్ళు తమ తండ్రుల రాళ్ళను పేరుపేరునా చెప్పారు. వాళ్ళు అర్జీదారులే కనుక వాళ్ళ మాట సాక్ష్యం కాదన్నాడు. మాకు మరొక వాయిదా ఇచ్చారు. నా వాదనకు చప్పట్లు వచ్చినట్టే ఉంది, మార్కులే రాలేదు.

దారి చూపింది పెద్దమ్మ. చూపినట్టు కూడా చూపలేదు, చాటలో బియ్యం చెరుగుతూ అంది.

"కూసున్నోళ్ళే గద నీ డబ్బల పడేది? పెత్రమాస వస్తుంది. పెత్రమాస నాడు పెట్టు. పిట్ట ముట్టేదాంక ఎవ్వరం కదలం."

ఇక్కడ కొంచెం చెప్పాలి. పెత్రమాస అంటే పెద్దలను తలుచుకునే అమావాస్య. ఆ పొద్దున మా ఊళ్ళో ప్రతి ఇంటి నుంచి వండిన అన్నం, చనిపోయినవారికి ఇష్టమైన కూర ఆకులో తెచ్చి, వారి రాయి ముందు పెడతారు. పెట్టి, వెనక్కి జరిగి కూర్చుంటారు. కాకి వచ్చి ముట్టాలి. దాన్నే పిట్ట ముట్టుడు అంటారు. ముట్టేదాకా మాట్లాడకూడదు, కదలకూడదు. పిట్ట బెదిరితే లోపలి మనిషి అలిగినట్టు. నా చిన్నప్పుడు ఆకు పెట్టి చెయ్యి తీయకముందే కాకులు దిగేవి. విమానాశ్రయం వచ్చాక అవి తగ్గాయి. పిట్టలు ఇంజన్లకు అడ్డం పడకుండా అక్కడ చప్పుళ్ళు చేసి చెదరగొడుతుంటారు. విమానాలకు పిట్ట వస్తే భయం, మాకు పిట్ట రాకపోతే భయం. అందువల్ల పెత్రమాస నాడు కూర్చునే సమయం ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఒక డబ్బా నోరు తెరుచుకుని చూడటానికి సరిపోయేంతగా పెరిగింది.

ఆ రోజు కోసం మరింత సన్నని బెజ్జంతో కొత్త డబ్బా చేశాను. పత్రికలో వచ్చిన ఫోటో తీసిన రాయి మీదనే పెట్టాను. పెద్దమ్మ ఆకులో అన్నం, పెద్దబాపుకు ప్రాణమైన చింతచిగురు పప్పు పెట్టింది. చిగురు కాలం కాదు. ఎండబెట్టి దాచిన చిగురుతో వండింది. రంగు పూసిన హద్దురాయికి అవతల, ఆయనకు ఎడమ పక్కన, తన జాగలోనే కూర్చుంది. ఊరు ఊరంతా ఎవరి రాయి దగ్గర వారు కూర్చున్నారు. ఎవరికీ నేను ఏమీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేదు. పట్టీ తీశాను.

అంత నిశ్చలంగా అంతమంది మనుషులు ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు. విమానాలు వచ్చాయి, పోయాయి. ఎవరూ తల ఎత్తలేదు. ఎండ ముదిరింది. అన్న నుదుటి నుంచి చెమట కారి కంట్లోకి పోతున్నా చెయ్యి ఎత్తలేదు. చివరికి తుమ్మకొమ్మ మీదికి ఒక కాకి వచ్చి, మెడ వంచి చూసి, మా ఆకు మీదికే దిగింది. రెండు ముద్దలు ముట్టి లేచిపోయింది. నేను పట్టీ మూశాను.

"వచ్చిండు," అంది పెద్దమ్మ మెల్లగా. "పప్పు కోసమే వచ్చిండు."

ఆ ఫోటోలో అందరూ ఉన్నారు. రాళ్ళు ఎంత స్పష్టంగా ఉన్నాయో మనుషులు అంత స్పష్టంగా ఉన్నారు. పెద్దమ్మ మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని, తన జాగలో, భూమిలోంచి మొలిచినట్టు కూర్చుని ఉంది. నా జీవితంలో నేను తీసిన ఒకే ఒక నిజమైన ఫోటో అది. వాయిదా రోజు దాన్ని బల్ల మీద పెట్టాను. గెలిచామనుకున్నాను.

న్యాయవాది దాన్ని చాలాసేపు చూశాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"విదేశం నుంచి వచ్చారని పత్రికలో రాశారు. అక్కడ మీరు ఏం పని చేసేవారమ్మా?"

అబద్ధం చెప్పడం నా పద్ధతి కాదు. "కిరాయి ఇళ్ళ గదులు ఫోటో తీసేదాన్ని."

"ఉన్నవి ఉన్నట్టు తీసేవారా, సర్ది తీసేవారా?"

"సర్ది తీసేదాన్ని. కానీ ఇది..."

"అంతే సార్," అన్నాడు అధికారి వైపు తిరిగి. "పాత ఫోటోలో ఒక్కరు లేరు. కొత్త ఫోటోలో అందరూ బడిపిల్లల్లాగా కదలకుండా కూర్చున్నారు. సహజంగా మనుషులు ఇట్లా ఉంటారా? కూర్చోబెట్టి తీసిన ఫోటో ఇది."

"పిట్ట ముట్టేదాకా కదలొద్దనేది వాళ్ళ ఆచారం," అన్నాను. "పిట్ట కోసం కూర్చున్నారు."

"పిట్ట ఎక్కడుందమ్మా ఇందులో?"

పిట్ట లేదు. పిట్ట కదిలింది కనుక పడలేదు.

అధికారి చెడ్డమనిషి కాదు. ఫోటోను మరోసారి తన వైపు తిప్పుకుని, నిట్టూర్చి, "మంచి ఫోటోనే," అన్నారు. తరువాత కొన్నాళ్ళకు, ఆ నేల నిరంతర వాడుకలో ఉన్నట్టు నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు. శవాల కోసం వేరే చోట ఉమ్మడి శ్మశానం ఉందని దారి కూడా సూచించారు.

ఆ తీర్పును నేను ఇప్పటికీ ఒక తీర్మానంలా తిరగేసి చూస్తుంటాను. మావాళ్ళు పని చేస్తూ కదిలితే, లేరు. కదలకుండా కూర్చుంటే, నాటకం. నోటితో చెబితే, స్వార్థం. ఫోన్‌తో చూపిస్తే, మోసం. ఏ రూపంలో ఉంటే ఈ మనుషులు ఉన్నట్టు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన ప్రత్యర్థి ఎవరైనా దొరికితే నేను సంతోషంగా ఓడిపోతాను. ఇంతవరకు దొరకలేదు. జవాబు చెప్పే అవసరం ఎవరికీ కలగలేదు కాబట్టి దొరకలేదు. ప్రహరీగోడ కట్టడానికి జవాబు అక్కరలేదు, ఇటుకలు చాలు.

గోడ లేచింది. బొందలగడ్డ ఉన్న మేర ప్లాట్లు చేయలేదు. దయతో కాదు, పార్కుకు ఎట్లాగూ జాగ వదలాలి కనుక. గడ్డి పరిచారు, రాళ్ళు ఏరేశారు, సిమెంటు బెంచీలు వేశారు. గేటు సందులోంచి చూసి దూరాలు అంచనా వేసి అన్న చెప్పిన దాని ప్రకారం, పెద్దబాపు మీద గడ్డే ఉంది. బెంచీ పడింది పెద్దమ్మ జాగలో.

2014లో కొత్త రాష్ట్రం వచ్చింది. డప్పులతో, రంగులతో ఊరేగింపు ఆ గేటు ముందు నుంచే పోయింది. మా నేల మాకు వచ్చిందని అందరితో పాటు అన్న కూడా ఎగిరాడు. ఆ ఏడు పెత్రమాస నాడు పెద్దమ్మ ఆకు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. కావలి అతను ఎక్కడో దూరపు జిల్లా నుంచి వచ్చినవాడు.

"ప్లాట్లోళ్ళకే అమ్మా లోపలికి," అన్నాడు.

"నాకు గూడ జాగ ఉంది లోపట," అంది పెద్దమ్మ.

"ఏ నంబరు?"

పెద్దమ్మ నా వైపు చూసింది. వాదన నేర్చినదాన్ని, కుర్చీలో కూర్చున్న అధికారిని నవ్వించినదాన్ని, ఆమె చేతిలోని ఆకు వైపు చూశాను.

ఆమె గోడ పక్కన, రోడ్డు అంచున, దుమ్ములో ఆకు పెట్టింది. వెనక్కి జరిగి కూర్చుంది. ఇంకా కొందరు ఆడవాళ్ళు వచ్చి గోడ పొడవునా ఆకులు పెట్టుకుని కూర్చున్నారు. కార్లు హారన్ కొడుతూ పోయాయి. నేను డబ్బా తీసుకుపోలేదు. చాలాసేపటికి ఒక కాకి గోడ మీద వాలింది. కిందికి దిగి, పప్పు అన్నం నోట కరుచుకుని, గోడ మీదుగా ఎగిరి లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ దాని వెంట చూస్తూ ఉండిపోయింది.

"పిట్టను ఎవడు నంబరడుగుతడు బిడ్డా," అంది.

ఇంటికి వచ్చేటప్పుడు మళ్ళీ అదే అడిగింది: "ఇగ నన్నేడ పెడ్తరు?" మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చిన అన్న బండి నడుపుతూ అద్దంలో వెనక్కి చూశాడు, చూపు తిప్పుకున్నాడు. పెద్దమ్మ ఇంకా బతికే ఉంది. ఆ ప్రశ్న కూడా బతికే ఉంది.

ఆ వెంచర్‌లోనో, అలాంటి మరో వెంచర్‌లోనో ప్లాటు కొన్నవారు ఇది చదువుతున్నారని నాకు తెలుసు. విదేశం నుంచి వచ్చి, విమానం దిగి, నేరుగా చూసి కొన్నవారూ ఉంటారు. మీ స్థలం తిరిగి ఇవ్వమని నేను అడగను. అడిగి ఓడిపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒక్క పని చేయమంటాను. ఆ పార్కు మీది, ఆ గేటు తాళంచెవి మీ సంఘానిది. పెత్రమాస పొద్దున ఆ గేటు తెరవండి. ఆకులు పట్టుకుని వచ్చినవారిని నంబరు అడగవద్దని కావలి అతనికి చెప్పండి. వీలైతే మీరూ వచ్చి పక్కన కూర్చోండి. పిట్ట ముట్టేదాకా మాట్లాడకండి, కదలకండి. అప్పుడు చుట్టూ చూసి, ఆ నేల ఖాళీగా ఉందో లేదో మీరే చెప్పండి. ఇక ఆ మూల సిమెంటు బెంచీ ఒకటి ఉంది. దాన్ని అక్కడి నుంచి తీయించండి. అది ఒకరి జాగ.